తొమ్మిది చుట్ల బొటనవేలు

దేవప్రసాద్ దగ్గర మొదట్లో ఉన్నది పదకొండు రూపాయల అరవై నయాపైసలు. దానితో రెండు దస్తాల కాగితం, ఆరు కార్బన్లు, ఒక గట్టి పెన్సిలు, అట్ట వేసిన లావుపాటి నోటుబుక్కు కొన్నాడు. మిగిలిన చిల్లర అమ్మ ఎలీసబెతు చేతిలో పోసి, "ఇంక ఉద్యోగం చూసుకోమని నన్ను అడక్కు. ఇదే నా ఉద్యోగం" అన్నాడు.

ఎలీసబెతు కాగితాలు తిరగేసి చూసింది. "ఏదిరా? వీటి మీద ఏమీ లేదు కదా?"

"రేపటినుంచి ఉంటుంది."

మర్నాడు తెల్లవారకముందే లేచి పోర్ట్‌బ్లెయిర్‌లోని బతు బస్తీ నుంచి హార్బరు ఆఫీసు దాకా నడిచాడు. ఆఫీసు గోడకు ఒక నల్లబల్ల ఉంది. ఆ రోజు సముద్రం ఎన్నింటికి నిండుతుందో, ఎన్నింటికి వెనక్కి తీస్తుందో దాని మీద ఇంగ్లీషులో రాసి పెట్టేవారు. దేవప్రసాద్ దాన్ని తెలుగులోకి దించి, ఒక్కసారి నొక్కి రాస్తే నాలుగు కాపీలు వచ్చేలా కార్బన్లు పెట్టి, ఏడు గంటలకల్లా జంగ్లీఘాట్ రేవులో నిలబడ్డాడు. పోటు చీటీ, ఐదు పైసలు. రేవులో పడవకు వెళ్లే తెలుగువాళ్లే రెండు వందల పైన ఉన్నారు. అందులో సగం మంది కొన్నా నెలకెంతో దారిలోనే లెక్క కట్టేశాడు. అతనికి ఇరవై ఏళ్లు. మూడంకెల గుణకారం నడుస్తూ చేసేవాడు.

మొదటిరోజు రెండు చీటీలు అమ్ముడయ్యాయి. ఒకటి కొన్న గవరయ్య దాన్ని చుట్టి, టీ కొట్టు పొయ్యిలో అంటించి, దానితో బీడీ ముట్టించుకున్నాడు.

"అరే భయ్యా, అది చదువుకోడానికి!" అన్నాడు దేవప్రసాద్.

"నాకు సదువెక్కడిదిరా బావూ? అయినా ఎరుకమ్మప్ప ఏలుండగా నీ సీటీ నాకేటికి?" అన్నాడు గవరయ్య, పొగ వదులుతూ.

ఎరుకమ్మ బొటనవేలు సంగతి రేవులోకి కొత్తగా వచ్చినవాళ్లకు కూడా రెండో రోజుకల్లా తెలిసిపోయేది. ఆవిడ కుడిచేతి బొటనవేలి మీద గీతలు సముద్రంతోపాటు నడిచేవి. అమావాస్యకీ పున్నమికీ పెద్ద పోటు నిండుగా నిలబడ్డ వేళకు సరిగ్గా తొమ్మిది చుట్లు, బిగించి చుట్టిన తాడులా. నీళ్లు తీసేకొద్దీ ఒక్కొక్క చుట్టే విడిపోయి, ఆటు అడుగంటేసరికి వంగిన గీత ఒకటీ అరా మిగిలేది. అష్టమి రోజుల్లో చిన్న పోటు కదా, ఆ రోజంతా ఎంత నిండినా ఐదు చుట్లు దాటేది కాదు. విశాఖపట్నం నుంచి వచ్చే ఓడలో, సముద్రం మధ్యన పుట్టిందట ఆవిడ. రేషను ఆఫీసులో నెలనెలా వేలిముద్ర వేసినప్పుడు గుమాస్తా దాని పక్కన "పోటు" అనో "ఆటు" అనో రాసుకుని పేజీ తిప్పేవాడు. అంతకంటే దాని గురించి ఎవరూ మాట్లాడుకునేవారు కాదు. పడవ దించేముందు "అప్పా, ఏలు సూపించు" అనేవారు. ఆవిడ చేపలు చీల్చే కత్తి పక్కన పెట్టి, వేలు నీళ్లలో జాడించి చూపించేది. ఉచితంగా.

దేవప్రసాద్‌కి ఒళ్లు మండింది. ఆవిడ కూర్చునే మెట్టు దగ్గరకు వెళ్లి చీటీ చూపించాడు.

"అత్తా, ఇది హార్బరు ఆఫీసు లెక్క. నిమిషాలతో సహా ఉంటుంది. నీ వేలికి నిమిషాలు తెలుస్తాయా?"

ఎరుకమ్మకు నలభై ఐదేళ్లుంటాయి. మొగుడు పోయి ఎనిమిదేళ్లయింది. తెల్లారేసరికి రేవు మెట్ల మీద చేపలు బాగుచేసి, పొద్దెక్కాక గంప ఎత్తుకుని డెలానీపూర్ క్వార్టర్లన్నీ తిరిగేది. ఆవిడ చీటీ వైపు కాదు, అతని వైపు చూసింది.

"నువ్వు ఎలీసబెతు కొడుకువి కదేటి? పెసాదువి. సర్లే, నీ కాయితం ఏటంటంది?"

"తొమ్మిది గంటల నలభై ఒక్క నిమిషాలకు నిండు పోటు."

"తప్పు. ఇంకా పావుగంట కూసో."

కూర్చున్నాడు. తొమ్మిది నలభై ఒకటి దాటింది. నీళ్లు ఇంకా మెట్టెక్కుతూనే ఉన్నాయి. తొమ్మిది యాభై రెండుకు ఆగాయి. ఎరుకమ్మ వేలు చాచింది. తొమ్మిది చుట్లు.

"పదకొండు నిమిషాలు" అన్నాడు దేవప్రసాద్. కోపం ఎటు పోయిందో పోయింది. నల్లబల్ల లెక్క ఓడలు ఆగే చోటుది, జంగ్లీఘాట్ రేవుకు నీళ్లు తిరిగి వచ్చేసరికి ఆ తేడా పడుతోంది. ఆ తేడా రోజూ అంతేనా, పెరుగుతుందా, తరుగుతుందా? తెలుసుకోవాలంటే ఒకటే దారి. ఆ సాయంత్రమే సిరా మెత్త ఒకటి సంపాదించాడు. అప్పట్నుంచి రోజూ పగటి పోటు నిలబడే వేళకు నోటుబుక్కులో ఒక పేజీ తీసి, తిథి, వారం, గంట, నిమిషం రాసి, కింద ఆవిడ చేత వేలు వేయించుకునేవాడు.

"రోజూ ఏలేయించుకుంటన్నావు, నా ఇల్లు గానీ రాయించీసుకుంటన్నావేటిరా?" అనేది ఎరుకమ్మ.

"నీ ఇంటికి కప్పే లేదు కదత్తా."

"అందుకే అడుగుతన్నాను. కప్పేయించి రాయించుకో."

మూడు నెలల్లో అతని చీటీ నిమిషం తేడా లేకుండా వచ్చేది. చదవగలిగిన పది పదకొండు మంది కొనేవారు. మిగతావాళ్లు వేలే చూసేవారు. అతనికి ఆవిడ మీద కోపం లేదు. కానీ లెక్క మాత్రం కదలడం లేదు.

* * *

డెలానీపూర్‌లో ఉండే జ్ఞానయ్యగారు తెలుగు చర్చిలో సంఘ పెద్ద. ప్రభురాత్రి భోజనం ఇచ్చే వెండి గిన్నె ఆయన ఇంట్లోనే ఉండేది. మొదట వచ్చిన కుటుంబాలు సముద్రం దాటేటప్పుడు బియ్యం మూటలో దాచి తెచ్చిన గిన్నె అది. ఆ నెలలోనే దాని కోసం కొత్తగా అద్దాల బీరువా చేయించారు. వడ్రంగి జోగులు పడౌక్ అనే ఎర్ర కర్రతో చేసి, ముందు తలుపుకు పెద్ద గాజు పలక బిగించాడు. బీరువా తెరిచేది నెలకొక్కసారి, మొదటి ఆదివారం పొద్దున్న. తాళంచెవి పెద్ద బైబిలు వెనక ఉండేది.

అష్టమి బుధవారం పొద్దున్న పదింటికి ఇంటిల్లిపాదీ చర్చిలో పెళ్లికి వెళ్లారు. ఒంటిగంటకు తిరిగొచ్చేసరికి వంటింట్లో మూత పెట్టిన గిన్నెలో ఎరుకమ్మ రోజూ ఇచ్చే చేపలు ఉన్నాయి. బీరువాలో వెండి గిన్నె లేదు. గిన్నె పెట్టే రేకు డబ్బా మాత్రం ఖాళీగా ఉంది.

సబ్ఇన్‌స్పెక్టర్ గణేశ్వరరావు మర్నాడు పొద్దున్నే వచ్చాడు. కలకత్తాలో వేలిముద్రల శిక్షణ పొంది వచ్చి రెండు నెలలైంది. అతని పెట్టెలో బూడిదరంగు పొడి, మెత్తటి కుంచె, భూతద్దం, కెమెరా ఉన్నాయి. ఊరు సగం జ్ఞానయ్యగారి గుమ్మం ముందు నిలబడి చూస్తూ ఉండగా గాజు మీద పొడి చల్లి కుంచెతో మెల్లగా దులిపాడు. బయటివైపు అంతా గుడ్డతో తుడిచిన చారలే. తలుపు తెరిచి లోపలివైపు దులిపాడు. కింది మూలలో ఒక్కటే వేలిముద్ర, అచ్చు గుద్దినట్టు, తొమ్మిది చుట్లతో లేచింది.

పోర్ట్‌బ్లెయిర్‌లో తొమ్మిది చుట్లు ఒక్క వేలికే ఉన్నాయి.

వెనక గదిలో అద్దెకుండే ఫిట్టరు అందుకున్నాడు. "చూశారా? బయట కాదు, లోపల! తలుపు తీస్తేనే కదా లోపల చెయ్యి పడేది!"

అతను ఒక వర్క్‌షాపులో పనిచేసేవాడు. మద్రాసు ఓడ కోసం ఎదురుచూస్తూ అప్పటికే మంచం తాళ్లు విప్పి పెట్టుకున్నాడు.

ఎరుకమ్మను పదింటికి ఠాణాకు తీసుకెళ్లారు. "నేను సేపలెట్టి ఒచ్చీసినాను బావూ. వంటిల్లు దాటి ఆ ఇంట్లో ఏ గది ఎటుందో నాకు తెల్దు" అంది. పది వేళ్లూ నల్ల సిరాలో దొర్లించి పత్రం మీద ముద్రలు తీశారు. గణేశ్వరరావు ఆవిడకు రెండు పత్రాలు తెరిచాడు. ఒకదాని పైన "ఆటు" అని, రెండోదాని పైన "పోటు" అని రాశాడు. మొదటిరోజు సరిగా కలవలేదు. మేజిస్ట్రేటు దగ్గర పద్నాలుగు రోజుల రిమాండు తీసుకుని, రోజూ పదింటికి ఆవిడ బొటనవేలు మళ్లీ మళ్లీ ముద్ర వేయిస్తూ వచ్చాడు.

* * *

ఎరుకమ్మ లోపలికి వెళ్లిన మర్నాడు దేవప్రసాద్ చీటీలు నలభై అమ్ముడయ్యాయి. నాలుగో రోజుకు నూరు దాటాయి. చదువు రానివాళ్లు కూడా కొని, చదివిపెట్టమని అక్కడే నిలబడేవారు. ఆదివారం తప్ప రోజూ రాత్రికి వేళ్లు వాచేలా రాసేవాడు. అతను మొదటిరోజు దారిలో కట్టిన లెక్క ఇప్పుడు పైసాతో సహా నిజమైంది.

చీటీ కొంటూ గవరయ్య అన్నాడు, "నీ పని బాగుందిరా పెసాదూ. అప్పని మూసీసినారు, నీ దుకాణం తెరిసినారు."

నవ్వుతూనే అన్నాడు. దేవప్రసాద్ నవ్వలేకపోయాడు.

ఇంటికి వెళ్తే ఎలీసబెతు అన్నం వడ్డిస్తూ, "నిన్న కూడా మంచి చేపే తెచ్చావు" అంది. కూర గరిటె పక్కన పెట్టి, "ఆవిడకు అన్నం ఎవరు పట్టుకెళ్తున్నారు?" అని అడిగింది.

"తెలీదమ్మా."

"మనం తింటున్నది ఆవిడ అన్నమే కదా, తెలుసుకో."

మర్నాటి నుంచి ఠాణాకు క్యారేజీ అతనే తీసుకెళ్లాడు. ఎరుకమ్మ కటకటాల వెనక గోడకు ఆనుకుని కూర్చుని ఉండేది. అక్కణ్ణుంచి సముద్రం కనపడదు. అయినా పడవలు ఎప్పుడొస్తాయో తెలుసుకోవాలంటే కానిస్టేబుళ్లు ఆవిడ వేలే చూసేవారు.

"మెట్టు మీద నా సోటు ఎవులైనా ఆక్రమించీసినారేటిరా?"

"లేదత్తా. ఖాళీగానే ఉంది."

"జైలుకెల్తే లైసెన్సు తీసేత్తారంట. మార్కెట్లో గంప దించనియ్యరంట. నిజమేనా?"

దేవప్రసాద్ క్యారేజీ మూత తీసి కటకటాల లోపలికి అందించాడు.

ఆవిడ లోపలికి వెళ్లాక రెండో ఆదివారం, ఆరాధన అయ్యాక జ్ఞానయ్యగారు లేచి నిలబడ్డారు. ఆయన ముఖం వాడిపోయి ఉంది. "సంఘానికి తెలియజేయవలసిన మాట. పున్నమినాడు ఆమె వేలిముద్ర గాజు మీది ముద్రతో పద్నాలుగు చోట్ల కలిసిందని ఎస్సైగారు చెప్పారు. గురువారం కోర్టు. గిన్నె ఎక్కడ పెట్టిందో మాత్రం చెప్పడం లేదు. ప్రార్థన చేయండి."

అందరూ తలలు వంచారు. దేవప్రసాద్ కూడా వంచాడు. కానీ ప్రార్థన రాలేదు, లెక్క వచ్చింది. పున్నమి. తొమ్మిది. అష్టమి. ఆమెన్ అనేలోపే లేచి బయటికి నడిచాడు.

ఇంటికి వెళ్లి నోటుబుక్కు తీశాడు. అష్టమి, బుధవారం, సాయంత్రం నాలుగు గంటల ముప్ఫై మూడు నిమిషాలు. కింద ఎరుకమ్మ వేలు. పెన్సిలు మొనతో లెక్కపెట్టాడు. ఐదు చుట్లు. మళ్లీ లెక్కపెట్టాడు. ఐదే.

* * *

సోమవారం పొద్దున్నే ఠాణాకు వెళ్తే గణేశ్వరరావు మంచి హుషారులో ఉన్నాడు. లెక్కలంటే ఇష్టమున్న కుర్రాడు ముద్రల గురించి అడిగేసరికి ఇంకా ఉత్సాహం వచ్చింది. రెండు ఫోటోలు పక్కపక్కన పెట్టి భూతద్దం చేతికిచ్చాడు.

"గీత ఎక్కడ చీలిందో చూడాలి. ఎక్కడ ఆగిందో చూడాలి. ఎక్కడ రెండు కలిశాయో చూడాలి. ఇన్ని చోట్ల కలిస్తే ఒకే వేలు అన్నమాట. మామూలు మనిషికైతే ఒక్కసారి తీస్తే చాలు. ఈవిడకు ఓపిక పట్టాల్సొచ్చింది. గురువారం మూడే చోట్ల కలిసింది. ఆదివారానికి ఎనిమిది. పున్నమినాడు పద్నాలుగు!"

"పున్నమిదాకా ఎందుకు ఆగాల్సొచ్చింది సార్?"

"అప్పటిదాకా తొమ్మిది చుట్లు రాలేదు కదయ్యా. నవమికీ దశమికీ ఎలా వస్తాయి? సముద్రం అంత ఎత్తు..."

"దొంగతనం ఎప్పుడు జరిగింది సార్?"

"అష్టమి..." అన్నాడు గణేశ్వరరావు.

గది మూలన కూర్చున్న కానిస్టేబులు కూడా తల ఎత్తాడు.

దేవప్రసాద్ నోటుబుక్కు తెరిచి బల్ల మీద పెట్టాడు. "ఆ రోజు పోటు నిండినప్పుడు ఐదు చుట్లు. అది సాయంత్రం. పెళ్లివేళ, పదికీ ఒంటిగంటకీ మధ్య, ఆటు అడుగంటి మళ్లీ నీళ్లు ఎక్కుతున్నాయి. ఒకటి, రెండు కంటే ఉండవు."

ఎస్సై భూతద్దం తీసుకుని ఆ పేజీలో చుట్లు లెక్కపెట్టాడు. "ఇది నీ పుస్తకం. ఈ ముద్ర ఏ రోజు వేయించావో కోర్టులో ఎవరు నమ్ముతారు?"

"నాది నమ్మక్కర్లేదు సార్. మీరు గురువారం పదింటికి తీసిన పత్రం ఉంది కదా. దొంగతనం జరిగిన మర్నాడే, అదే వేళకు. అందులో ఎన్ని చుట్లున్నాయో చూడండి."

గణేశ్వరరావు బీరువాలోంచి "ఆటు" అని రాసిన పత్రం తీశాడు. భూతద్దం పెట్టి లెక్కపెట్టడానికి పెద్దగా ఏమీ లేదు. వంగిన గీత ఒకటి, దాని చుట్టూ సగం చుట్టు.

"ఒకటిన్నర" అన్నాడు. పత్రం బల్ల మీద పెట్టాడు. "వేలు కలిసిందా లేదా అనే చూశాను. ఎప్పటి వేలో చూడలేదు."

గాజు మీది ముద్ర ఫోటో ముందుకు లాక్కున్నాడు. "సరే. మరి తొమ్మిది చుట్లతో ఆ గాజు లోపలికి ఎప్పుడెళ్లింది? అది చెప్పలేకపోతే అంతకుముందు ఏ పెద్ద పోటుకో వచ్చి బీరువా తీసి చూసుకుందంటాడు వకీలు."

"ఆ బీరువా చేసే నెల కాలేదు సార్" అన్నాడు దేవప్రసాద్. పేజీలు వెనక్కి తిప్పాడు. "దొంగతనానికి ముందు తొమ్మిది వచ్చింది అమావాస్య మంగళవారం. తొమ్మిది గంటల యాభై నిమిషాలకు. పావుగంట ముందైనా, పావుగంట తర్వాతైనా ఒక చుట్టు వదులుగా ఉండేది. ఇది గట్టిగా ఉంది. ఆ పావుగంటలోనే ఆ గాజు ముట్టుకుంది."

ఎరుకమ్మను పిలిపించి అడిగారు. ఆవిడ ఆలోచించి తల అడ్డంగా ఊపింది.

"నిండు పోటుకి రేవులోకి పడవలొత్తాయి బావూ. పడవొచ్చిందంటే నేను పట్టని సామానేటుంది? బత్తాలు, డబ్బాలు, మేకలు. ఏ రోజు ఏటి పట్టినానో ఎలా సెప్తాను?"

కానీ ఆవిడ మాటలో ఒక దారి ఉంది. దేవప్రసాద్ అది పట్టుకుని రేవుకు పరిగెత్తాడు. గవరయ్య వల బాగుచేసుకుంటున్నాడు.

"గవరయ్య మామా, అమావాస్యనాడు పెద్ద పోటుకి ఏం తెచ్చావు పడవలో?"

"అమావాస్యకా? ఓడకాణ్ణుంచి జోగులు సామాను. బద్దలయ్యే సరుకురా, మెట్టుకి సమంగా నీళ్లుంటే గానీ దించొద్దన్నాడు. గడ్డిలో సుట్టిన గాజు."

గవరయ్యనూ, జోగులునూ వెంటబెట్టుకుని మధ్యాహ్నానికి దేవప్రసాద్ మళ్లీ ఠాణాలో ఉన్నాడు. వడ్రంగి జోగులు చెవి వెనక పెన్సిలు తీయకుండానే వచ్చాడు. అడిగిన దానికి వెంటనే జవాబు చెప్పాడు.

"అవును, పట్టుకుంది. గడ్డి తడిసి జారిపోతుంటే విప్పీసినాం. అటు గవరయ్య, ఇటు నేను, కింది మూల ఎరుకమ్మ. ఆవిడ పట్టకపోతే మెట్టుకి కొట్టుకుని పగిలీదే."

"మరి లోపలివైపు ముద్ర ఉంటే ఇంతకాలం చెప్పలేదేం?" అన్నాడు ఎస్సై.

"నన్నెవులడిగినారు? గాజుకి లోపలేటి, బయటేటి? నేను బిగించాకే కదా లోపల, బయట అయింది. ఆవిడ ఏలు ఏ పక్కనుందో సూసి బిగిస్తానేటి?"

"తుడవలేదా?"

"బయట తుడిసినాను. లోపల లప్పం పచ్చిగా ఉంది, ముట్టుకోవద్దన్నాను. ఆనక తాళమెట్టీసినారు."

గణేశ్వరరావు లేచి నిలబడ్డాడు. మొహం ఎర్రబడింది, కానీ కోపంతో కాదు. "ఒకటి దొరికింది కదాని రెండోది వెతకలేదు" అన్నాడు తనలో తను. బీరువాలోంచి ఇంకో ఫోటో తీశాడు. వెండి గిన్నె పెట్టే రేకు డబ్బా మూత మీద మొదటిరోజే తీసిన ముద్ర అది, ఎడమచేతి ఉంగరపు వేలు, మధ్యన అడ్డంగా కాలిన మచ్చ. ఇన్ని రోజులూ దాన్ని దేనితోనూ పోల్చి చూడలేదు.

ఆ సాయంత్రం జ్ఞానయ్యగారి వరండాలో సిరా పలక పెట్టారు. ఇంట్లోవాళ్లందరినీ వరసలో నిలబెట్టారు. మొదట జ్ఞానయ్యగారే చెయ్యి చాచారు. నల్లబడిన పది వేళ్లూ ముందుకు పెట్టుకుని, పిండి కలుపుతూ మధ్యలో లేచొచ్చిన మనిషిలా నిలబడ్డారు. ఆయన వెనక భార్య, కొడుకులు, కోడళ్లు, బంధువులు. పదమూడో మనిషి ఫిట్టరు. తన వంతు వచ్చేసరికి ఎడమచెయ్యి జేబులోంచి తీయలేదు.

"వెల్డింగులో కాలింది సార్. సిరా మండుతుంది."

"పాతది మండదులే" అన్నాడు గణేశ్వరరావు.

వెండి గిన్నె అతని పనిముట్ల సంచిలో, నూనె గుడ్డల కింద దొరికింది. మద్రాసు ఓడ బుధవారం బయల్దేరుతుంది. టికెట్టు అదే సంచిలో ఉంది.

* * *

మంగళవారం మేజిస్ట్రేటు కాగితం మీద సంతకం పెట్టాక ఎరుకమ్మను వదిలేశారు. ఠాణా మెట్ల మీద జ్ఞానయ్యగారు నిలబడి ఉన్నారు. ఏం చెప్పాలో చాలా సిద్ధం చేసుకుని వచ్చినట్టున్నారు, ఆవిడను చూసేసరికి ఒక్కటీ గుర్తు రాలేదు.

"ఎరుకమ్మా, మావల్ల పొరపాటు అయిపోయింది" అన్నారు.

"అయిపోయింది కదా బావూ, ఇంకేటి" అంది ఎరుకమ్మ. "ఆ రోజు ఎట్టిన సేపలు తిన్నారా, పారబోసినారా?"

"తిన్నాం."

"అయితే డబ్బులియ్యండి."

జ్ఞానయ్యగారు గబగబా జేబులు వెతుక్కున్నారు. గుమ్మంలో కానిస్టేబుళ్లు పెద్దగా నవ్వేశారు. ఆయనా నవ్వారు. కళ్లలో నీళ్లు మాత్రం తుడుచుకోలేదు.

ఎరుకమ్మ ఎండలోకి వచ్చి మొదట తన బొటనవేలు చూసుకుంది. తర్వాత గుండెనిండా గాలి పీల్చి, ఆగకుండా జంగ్లీఘాట్ వైపు నడిచింది. దేవప్రసాద్ క్యారేజీ పట్టుకుని వెనకే నడిచాడు. పన్నెండు రోజుల తర్వాత మొదటిసారి అతని భుజాలు వదులయ్యాయి. రేపట్నుంచి చీటీలు మళ్లీ పదకొండే అమ్ముడవుతాయని తెలుసు. ఆ లెక్క ఎన్నిసార్లు వేసుకున్నా బాధనిపించలేదు.

మెట్ల దగ్గర ఆవిడ చోటు ఖాళీగానే ఉంది. గవరయ్య పడవ ఇసకలో కూర్చుని ఉంది.

"అప్పా! ఒచ్చీసినావా? ఏలు సూపించు, ఏలు సూపించు. ఈడి సీటీలు సదివించుకోలేక సచ్చిపోతన్నాం" అని అరిచాడు గవరయ్య.

ఆ మాట దేవప్రసాద్ చెవిలో ఉండిపోయింది. రెండు రోజులు దాని గురించే ఆలోచించాడు. మూడోరోజు ఠాణాకు వెళ్లి గణేశ్వరరావును ఒకటి అడిగాడు. ఎస్సై లోపలికి వెళ్లి పాత సిరా పలక, రబ్బరు రోలరు తెచ్చిచ్చాడు. "కలకత్తా నుంచి కొత్తవి వచ్చాయి. ఇవి తీసుకో. నీకు బాకీ ఉన్నాను" అన్నాడు. ఆయన బల్ల మీద ఎరుకమ్మ పత్రాలు రెండూ గుండుసూదితో కలిపి ఉన్నాయి. పైన కొత్తగా ఎర్రసిరాతో రాసి ఉంది: తేదీ లేకుండా పోల్చరాదు.

నెల తిరిగి మళ్లీ అమావాస్య వచ్చింది. పొద్దున్న తొమ్మిదిన్నరకు దేవప్రసాద్ రేవుకు వచ్చాడు. చేతిలో కత్తిరించిన తెల్ల చీటీలు, చంకలో సిరా పలక. ఎరుకమ్మ మోకాళ్ల మధ్య కత్తి పెట్టుకుని సూర చేప చీలుస్తోంది.

"అత్తా, చదువు రానివాళ్లకు అక్షరాలెందుకు? చీటీ మీద నీ వేలే వేద్దాం. గంటగంటకీ ఒక వేలు, వరసగా. ఈ తిథికి వేసినది వచ్చే నెల ఇదే తిథికి సరిపోతుంది. పడవలో కూర్చుని నీళ్ల గీత చూసుకుంటారు, చీటీలో వేలు చూసుకుంటారు. రేవుకు రాకుండానే హావ్‌లాక్ దీవిలో ఉన్నవాడికి కూడా పనికొస్తుంది."

"నా ఏలు అమ్ముతావేటిరా?"

"మనం అమ్ముదాం. చెరి సగం."

ఎరుకమ్మ కత్తి ఆపింది. "కాయితం నీది, సిరా పోలీసోల్లది. ఏలొక్కటే నాది. అయినా సగమేటి, ముప్పాతిక ఇయ్యి."

"సగం, పైన ఇంటికి కప్పు."

ఆవిడ అతని మొహం చూసింది. తర్వాత నీళ్లవైపు చూసింది. పై మెట్టుకు నాలుగు వేళ్ల కిందికి వచ్చాయి, ఇంకా ఎక్కుతున్నాయి. చేతులు నీళ్లలో కడుక్కుని, కొంగుతో బొటనవేలు ఒక్కటీ పొడిగా తుడుచుకుంది.

దేవప్రసాద్ మెట్టు మీద మోకాలు మడిచి కూర్చుని, పలక మీద సిరా పోసి, రోలరు ఒకసారి ముందుకూ ఒకసారి వెనక్కూ నడిపాడు. నిండు పోటుకు ఇంకా రెండు నిమిషాలుంది. మొదటి చీటీ తీసి మోకాలి మీద పరిచి, చెయ్యి చాచి ఎదురుచూశాడు.